సూత్రధారి కాల్డరు

ఫిలడెల్ఫియా నగరము నడిబొడ్డున నున్న సిటీ హాలు పాదమునుండి బయలుదేరి, వాయవ్యదిశగా ఒక మైలుకు కొంచెము మించిన దూరము సాగి, కళామందిరపు మెట్లకడ నాగిపోవు విశాలమైన రాజవీథికి బెంజమిన్ ఫ్రాంక్లిన్ పార్క్‌వే యని పేరు. ఈ వీథికి ఒక కొసన తాత చేసిన కంచు విగ్రహమును, నడుమ తండ్రి నిర్మించిన జలయంత్రమును, రెండవ కొసన మనుమడు వ్రేలాడదీసిన లోహశిల్పమును ఉన్నవి. మువ్వురి పేరును అలెగ్జాండర్ కాల్డరే; మువ్వురును శిల్పులే. ఒక వంశమువారు మూడు తరములు చేసిన కృషిని పాదచారియగు యాత్రికుడు ఒక్క పూటలో చూచుకొనుచు పోగల వీథులు ప్రపంచమున అరుదు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో నేను చూడగోరిన వానిలో నయాగరా జలపాతముకంటె, ఆకాశహర్మ్యములకంటె ఈ వీథియే ముందున్నది. ఏలయన, ఆ మనుమడు నేను చిరకాలముగ అభిమానించుచున్న కళాకారుడు.

2025 శరత్కాలమున, చెట్ల ఆకులు పసిమికి తిరుగుచున్న దినములలో, న్యూజెర్సీలో కాపురమున్న మా మేనల్లుడు నన్ను కారులో నచటికి తీసికొనిపోయెను. సిటీ హాలు ముందు నిలిచి మెడ యెత్తి చూచిన, ఎక్కడనో మేఘముల పొరుగున, ఈ రాష్ట్రమును స్థాపించిన విలియం పెన్ మహాశయుడు టోపీ ధరించి నిలుచుండును. నేలపైనుండి చూచువానికి బొటనవ్రేలంత కనబడు ఆ ప్రతిమ యెత్తు 37 అడుగులు, బరువు 27 టన్నులు. దానిని చేసిన అలెగ్జాండర్ మిల్న్ కాల్డర్ స్కాట్లండునందలి ఆబర్డీను పట్టణమున 1846లో జన్మించి, రాతిపని నేర్చి, 1868లో ఈ దేశమునకు వలసవచ్చి, ఈ యొక్క భవనమునకు వలసిన శిల్పములను చేయుటయందే ఇంచుమించు ఇరువది యేండ్లు గడపినాడు. ద్వారములపైన, స్తంభముల తలలపైన, కిటికీల నొసళ్లపైన ఆయన కూర్చిన బొమ్మలు రెండువందల యేబదికి మించును. 1894లో శిఖరమెక్కిన ఆ పెన్ గారి టోపీని మించిన యెత్తున మఱే భవనమును కట్టరాదను అలిఖితమైన మర్యాదను ఈ నగరవాసులు 1980ల నడుమవఱకు పాటించిరనిన, ఒక శిల్పమునకు ఒక పట్టణము చూపిన గౌరవము ఎంతటిదో ఊహింపవచ్చును.

తండ్రి అలెగ్జాండర్ స్టర్లింగ్ కాల్డర్ 1924లో ముగించిన స్వాన్ జలయంత్రము లోగన్ సర్కిల్ నడుమ నున్నది. ఈ నగరమును తడుపు డెలవేరు, స్కూల్‌కిల్, విస్సహికన్ అను మూడు ప్రవాహములను ముగ్గురు ఆదివాసి మూర్తులుగా భావించి, వారి చుట్టును నీరు చిమ్ము హంసలను, కప్పలను, తాబేళ్లను కూర్చిన యీ రచనలో, తాత పనియందు లేని ఒక చలనము తొంగిచూచుచున్నది. కంచు కదలదు, కాని ఆ కంచునుండి వెలువడు నీరు క్షణమునకొక రూపము దాల్చుచుండును. మన తరములను మనమే యెన్నుకొనలేము గాని, ఈ కుటుంబము విషయమున మాత్రము, రాయి కంచుగాను, కంచు నీరుగాను, నీరు గాలిగాను క్రమముగ తేలికపడుచు వచ్చిన ఒక ప్రయాణము స్పష్టముగ గోచరించును.

ఆ గాలి కళామందిరమున నున్నది. గుమ్మము దాటగానే ఎదురగు మహాసోపానమండపమున, మెట్లపై కొసన విల్లెక్కుపెట్టి నిలిచిన డయానా దేవతకు ముందర, పైకప్పునుండి 1964 నాటి 'ఘోస్ట్' అను శ్వేతశిల్పము వ్రేలాడుచున్నది. సన్నని లోహపు కడ్డీలు, వాని చివరల ఆకులవంటి తెల్లని రేకులు. అంతకుమించి మఱేమియు లేదు. మా మేనల్లుడు కాకినాడలో యంత్రశాస్త్రము చదివి యీ దేశమున ఉద్యోగము చేయుచున్నవాడు. కొంతసేపు చూచి, "మామయ్యా, ఇది కదలాలి కదా! ఎక్కడా కదలట్లేదే" అనెను. "తొందరపడకు నాయనా, కాసేపు కూర్చుందాం" అని మెట్లమీదనే కూలబడితిమి. కొంతవడికి బడిపిల్లల గుంపొకటి తలుపులు తెరచికొని లోనికి వచ్చెను. వారివెంట వచ్చిన గాలి మొదట అడుగుననున్న చిన్న రేకును తాకెను. అది ప్రక్కకు జరిగెను. దాని జరుగుబాటును పైకడ్డీ గ్రహించి, అంతకంటె నెమ్మదిగ, వేఱొక వైపునకు తిరుగసాగెను. ఆ పైది, దాని పైది, ఒక్కొక్కటి తన వంతు వచ్చువఱకు వేచియుండి కదలినట్లు కదలి, రెండు నిమిషములు గడచునప్పటికి ఆ శిల్పమంతయు, తానెవ్వరికొఱకును తొందరపడనన్నట్లు, మండపమంతట పరచుకొని తిరుగుచుండెను. పిల్లలు తలలెత్తి నిశ్చేష్టులై చూచుచుండిరి. మావాడును చూచుచుండెను.

ఇట్టి శిల్పమును ఎవడు చేయగలడు? యంత్రశాస్త్రము తెలిసినవాడు మాత్రమే చేయజాలడు. చిత్రకళ తెలిసినవాడు మాత్రమే చేయజాలడు. ఆట ఆడించుట తెలిసినవాడు చేయవలెను. అలెగ్జాండర్ కాల్డర్, స్నేహితులకు శాండీ, ఈ మూడును తెలిసినవాడు. ఆయన చిత్రకారుడనియు శిల్పియనియు గ్రంథములు వ్రాయుచున్నవి; అది సత్యమే. కాని ఆయన కళకు మూలము రంగస్థలమున నున్నదని, ఆయన మొదట ఆటగాడై, ఆ పిమ్మటనే శిల్పియైనాడని నా విశ్వాసము. ఈ యాత్ర ఆ విశ్వాసమును దృఢపఱచినది.

ఆయన 1898లో ఫిలడెల్ఫియా చెంత లాన్‌టన్‌లో జన్మించెను. తల్లి నానెట్ చిత్రకారిణి. నాలుగేండ్ల ప్రాయమున తండ్రి శిల్పమునకు నమూనాగా నిలిచెను. ఆ బాలమూర్తికి 'మ్యాన్ కబ్' అని పేరు. తండ్రికి క్షయవ్యాధి సోకుటచే కుటుంబము పొడిగాలిని వెదకుకొనుచు అరిజోనాకును, అక్కడినుండి 1906లో కాలిఫోర్నియాయందలి పాసడీనాకును పోయినది. అచ్చట ఇంటి నేలమాళిగలో పిల్లవానికొక పనిముట్ల గది యేర్పడినది. వీథిలో విద్యుత్తు పనివారు విడిచిపోయిన రాగితీగె ముక్కలను ఏరి తెచ్చి, అక్క పెగ్గీ బొమ్మలకు ఆభరణములు చేసిపెట్టెను. 1909 క్రిస్మసునాడు తలిదండ్రులకు కానుకగా ఇత్తడి రేకును వంచి చేసిన కుక్కను, బాతును ఇచ్చెను. ఆ బాతును వ్రేలితో తట్టిన నిలుచున్నచోటనే ఊగులాడును. పదునొకండేండ్ల బాలుడు చేసిన ఆ బాతులో తరువాతి అఱువదియేండ్ల కృషి యంతయు ఇమిడియున్నది.

అంతటి వంశమున పుట్టియు అతడు శిల్పవిద్య కాక యంత్రశాస్త్రము చదివెను. కళాకారుని దారిద్ర్యము కుమారునికి వలదని తలిదండ్రులు కోరుకొనుట సహజమే. మన యిండ్లలోను ఇదియే కద జరుగునది! హోబోకెన్ పట్టణమున హడ్సన్ నది గట్టుపైనున్న స్టీవెన్స్ విద్యాలయమున 1919లో ఆయన పట్టభద్రుడయ్యెను. ఫిలడెల్ఫియానుండి మఱలివచ్చుచు మేము ఆ విద్యాలయపు గట్టుపై కొంతసేపు నిలిచితిమి. నదికావల మాన్‌హాటన్ హర్మ్యములు ఒకదానిని మఱొకటి త్రోసికొనుచు నిలిచియున్నవి. ఆ తరువాత కాల్డర్ విద్యుత్కంపెనీలో నక్షాలు గీయుట మొదలుకొని పెక్కు కొలువులు చేసి, దేనియందును నిలువలేక, 1922లో న్యూయార్కునుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు పోవు ప్రయాణికుల నౌకలో బాయిలరు గదిలో పనివాడుగా చేరెను. గ్వాటిమాలా తీరమునకెదుట, ప్రశాంతమైన సముద్రముపై, ఒక ప్రాతఃకాలమున ఓడ పైతట్టున పరుండియున్న ఆ యువకునకు ఒక దిక్కున నిప్పువలె ఎఱ్ఱనైన సూర్యోదయమును, ఎదురు దిక్కున వెండినాణెమువంటి చంద్రుడును ఒక్కసారిగ కనబడినవి. ఆ దృశ్యము తన్ను జీవితాంతము విడువలేదని ఆయన చెప్పుకొనెను. ఎఱుపు, నలుపు, తెలుపు వలయములు శూన్యమున నెదురెదురుగ వ్రేలాడు ఆయన శిల్పములను చూచువారికి ఆ మాటలో అతిశయోక్తి కనబడదు.

మఱునాడు నదిని దాటి న్యూయార్కునకు పోతిమి. 1923లో కాల్డర్ ఈ నగరమునందలి ఆర్ట్ స్టూడెంట్స్ లీగునందు చేరి జాన్ స్లోన్ మొదలగు గురువులకడ చిత్రలేఖనము నేర్చుకొనెను. పొట్టకొఱకు 'నేషనల్ పోలీస్ గెజెట్' అను పత్రికకు బొమ్మలు వేయుచుండగా, 1925లో ఆ పత్రికవారు రింగ్లింగ్ బ్రదర్స్ సర్కసును చిత్రించుటకు పంపిరి. రెండు వారములు అతడు ప్రతిదినము సర్కసునకు పోయెను. అందఱును మృగములను, విదూషకులను చూచి ఆనందింప, ఈ యంత్రశాస్త్రజ్ఞుడు గుడారపు త్రాళ్లను, వానిని బిగించిన తీరును, ఊయలకును ఊయలకును నడుమ మనుష్యుడు ఎగిరిపోవు శూన్యపు కొలతను చూచెను. సర్కసులో తన్నాకర్షించినది ఆ శూన్యమే యని తరువాత పలుమాఱులు చెప్పెను. ఆ సంవత్సరమే 'ఎగిరే ఊయల'ను తైలవర్ణమున చిత్రించెను. ఆ చిత్రము బాగుగనే యున్నది; కాని ఊయల ఆగిపోయి యున్నది.

ఆగిపోయిన ఆ ఊయలను ఆడించుటకే కాబోలు, 1926లో పారిస్ చేరినపిదప ఆయన తన సర్కసును తానే చేసికొన మొదలుపెట్టెను. తీగె, కొయ్య, బెండు, గుడ్డపీలికలు, తోలు, దారము, సీసామూతలు, రబ్బరు గొట్టములు, ఉన్ని: ఇవియే సామగ్రి. 1931 నాటికి ఆ సంసారము అయిదు పెద్ద పెట్టెలకు పెరిగినది. ఆ పెట్టెలను మోసికొని స్నేహితుల యిండ్లకుపోయి, నేలపై చాప పఱచి, ఊయలలకు స్తంభములు నిలిపి, రెండు గంటలపాటు ఆట ఆడించెడివాడు. చూడవచ్చినవారికి పెట్టెలు పలకలు పేర్చి ఆసనములుగా అమర్చి, వేరుసెనగకాయలు పంచెడివారు. గ్రామఫోనుపై పాట పెట్టు పని కొన్నాళ్లు ఇసాము నొగూచి అను యువశిల్పిదియు, 1931లో వివాహమైనపిదప భార్య లూయిసాదియు నయ్యెను. మీరో, లెజే, కాక్టో, కార్బూజియే, మోండ్రియాన్ వంటి ఆ యుగపు ప్రసిద్ధులందఱు ఈ బొమ్మల సర్కసునకు ప్రేక్షకులై వచ్చినవారే.

ఆ సర్కసు ఇప్పుడు న్యూయార్కున గాన్స్‌వోర్ట్ వీథిలోని విట్నీ మ్యూజియమునందున్నది. కళాకారుడు 1970లో దాని నచట ఎరవుగా నుంచెను. ఆయన మరణానంతరము అది నగరమును విడిచిపోకుండ 1982లో ప్రజలు చందాలెత్తి నిలుపుకొనిరి. నేను పోయిన ఋతువున, సర్కసు పుట్టి నూఱేండ్లగు సందర్భమున, దానిని ప్రత్యేకముగ ప్రదర్శించియుండిరి. అద్దము వెనుక, దీపముల వెలుగున, ఆ చిన్ని ప్రపంచమంతయు నిలిచియున్నది: ప్రకటనలు చేయు మ్యూస్యూ లోయల్, నోరు తెరచిన సింహము, బరువులెత్తు మల్లుడు, కత్తి మ్రింగువాడు, శూలములు విసరు సుల్తాను, గాయపడినవారిని మోసికొనిపోవు సేవకులు. చేరువనే 1961లో కార్లోస్ విలార్దెబో తీసిన చలనచిత్రము ప్రదర్శింపబడుచుండెను. అద్దపు పెట్టెను అరగంట చూచితిమి. చిత్రమునెదుట అంతకు రెట్టింపు కూర్చుంటిమి.

ఆ చిత్రమున కాల్డర్ అఱువది దాటిన భారీ విగ్రహము గల వృద్ధుడు. మోకాళ్లపై నేలకు వంగి, మొద్దువలెనున్న వ్రేళ్లతో సూదిమొనంత కొక్కెములను తగిలించుచు, సింహమునకు గర్జన తానే గర్జించుచు, సుల్తాను విసరిన శూలము తగిలి పడిపోయిన స్త్రీని మోసికొనిపోవుటకు సేవకులను తీగెపై నడపించుచు, ఆ బొమ్మలతోపాటు తానును బొమ్మయై పోయినాడు. ఊయలపైనుండి ఒక బొమ్మ ఎగిరి రెండవ బొమ్మ చేతిని పట్టుకొనవలెను. పట్టుకొనునో జాఱునో ముందు తెలియదు. జాఱిన మఱల ఆడించును. పట్టుకొన్నప్పుడు ఆ వృద్ధుని ముఖము వెలిగిపోవును. ఇచ్చటనే నాకు కీలకము దొఱకినది. ఈ ఆటలో బొమ్మ యొక సగము. ఏమి జరుగునో తెలియని క్షణము రెండవ సగము. అద్దపు పెట్టెలో మొదటి సగము భద్రముగ నున్నది. రెండవ సగము, ఇట్టి చలనచిత్రము లేకున్న, ఆయనతోనే దగ్ధమైపోయి యుండెడిది.

మన తోలుబొమ్మలాట నెఱిగినవారికి ఈ మాట వివరింప నక్కఱలేదు. తెరవెనుక నిలిచి, ఒక చేత రాముని, మఱొక చేత ఆంజనేయుని పట్టి, కాలిక్రింది చెక్కలను తొక్కి యుద్ధధ్వని పుట్టించుచు, ద్విపదను రాగమున పాడుచు, కథ గంభీరమైనప్పుడు జుట్టుపోలిగానిని బంగారక్కను తెచ్చి సభను నవ్వించు ఆ ఆటగాడు లేక, కేవలము తోలుబొమ్మను గోడకు దిగవేసిన, అది రంగులద్దిన తోలేయగును.

న్యూయార్కున ఒక తెలుగువాడును సర్కసును మఱొకరీతిని కళగ మలచినాడు. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టి, శాంతినికేతనమున నందలాల్ బోసు శిష్యుడై, మద్రాసు కళాక్షేత్రమున చిత్రకళ నేర్పి, పారిస్‌లో ముద్రణచిత్రములయందు ఒక నూతనవిధానమునకు కారకుడై, చివఱకు న్యూయార్కున స్థిరపడి 2018లో అచ్చటనే కీర్తిశేషుడైన కృష్ణారెడ్డి, శిల్పిగ శిక్షణ పొందినవాడగుటచే లోహఫలకమును సైతము శిల్పమువలె చెక్కెడివాడు. ఆయన 'గ్రేట్ క్లౌన్' చిత్రమున సర్కసు విదూషకుడు రంగుల వలయములలో కరగిపోవుచు, మఱల రూపుదాల్చుచు కనబడును. కాల్డరు కడ ఆట శిల్పమైనది. కృష్ణారెడ్డి కడ ఆటగాడే కాంతియైనాడు. మా మేనల్లునికి ఆ పేరు తెలియదు. న్యూయార్కున నేను కలిసికొన్న తెలుగువారిలో పలువురకును తెలియదు. ఇది నన్ను బాధించినది.

సర్కసునుండి చలశిల్పమునకు కాల్డర్ ఎట్లు నడచెనో చెప్పవలెను. 1930 అక్టోబరులో ఆయన పారిస్‌లో మోండ్రియాన్ చిత్రశాలకు పోయెను. తెల్లని గోడపై ఎఱుపు, పసుపు, నీలి దీర్ఘచతురస్రములను అతికించి అవి యొండొంటితో పలుకునట్లు అమర్చియుండిరి. వానిని కదలించిన బాగుండునని కాల్డర్ అనగా, అక్కఱలేదు, తన చిత్రములు ఇప్పటికే మిక్కిలి వేగముగ నున్నవని మోండ్రియాన్ బదులు చెప్పెనట. ఆ సందర్శనమే తన్ను అమూర్తకళకు మేల్కొలిపినదని కాల్డర్ చెప్పెను. కొన్ని వారములు చిత్రములే వేసి, పిమ్మట తీగెకు మఱలి, మొదట చేతితో త్రిప్పునవియు మోటారుతో తిరుగునవియు శిల్పములు చేసెను. కళాకారుడు మార్సెల్ దుషాఁ వానికి 'మొబైల్' అని పేరు పెట్టెను. కాని మోటారు చేసినదే మఱలమఱల చేయును. సర్కసులో జాఱిపోవు ఊయలబొమ్మవలె అది ఎన్నడును మనలను ఉత్కంఠలో నిలుపదు. కావున ఆయన క్రమముగ మోటారును త్యజించి, ఆ పనిని గాలికి అప్పగించెను. ఆటగాడు తప్పుకొని, తన స్థానమున గాలిని నిలిపెను. ఇదియే ఆయన సాహసము.

ఇందలి నిర్మాణరహస్యమును మా మేనల్లుడు మ్యూజియము ఫలహారశాలలో చెంచాలతో నాకు చూపెను. శిల్పి పైనుండి క్రిందికి కాక, చివరి చిన్న రేకునుండి పైకి కట్టుకొనుచు వచ్చును. మొదట ఒక తీగెకు రెండు కొసల రెండు రేకులు తగిలించి, అవి సమతూకమున నిలుచు చోటు వెదకి, అచట ఒక చుట్ట వంచును. ఆ చుట్టను మఱొక తీగెకు ఒక కొసన తగిలించి, రెండవ కొసన ఒక పెద్ద రేకు పెట్టి, ఆ రెంటికిని మఱల తూకము చూచును. ఇట్లు ఒక్కొక్క మెట్టు పైకెక్కుచు పోగా, ఎంత పెద్ద శిల్పమైనను తుదకు ఒక్క కొక్కెమునకు వ్రేలాడును. బరువైనది ఇరుసునకు దగ్గఱగను, తేలికైనది దూరముగను ఉండవలెననుట బడిపిల్లలెఱిగిన సూత్రమే. కాని ఆ సూత్రమునకు లోబడుచునే కంటికి ఎక్కడను తక్కెడవలె కనబడకుండ, కొమ్మవలె, చేపలగుంపువలె అమర్చుట, యంత్రశాస్త్రము చదివిన చిత్రకారునకే సాధ్యము. న్యూయార్కు ఆధునిక కళామందిరమున మెట్లదారికై 1939లో ఆయన చేసిన శిల్పము దీనికి చక్కని నిదర్శనము.

రంగస్థలమును ఆయన పూర్తిగ విడువలేదు. 1935, 1936 సంవత్సరములలో మార్తా గ్రాహం నృత్యములకు రంగసజ్జ చేసెను. 1936లో హార్ట్‌ఫర్డున సంగీతకర్త సాతీ రచించిన 'సోక్రాత్' గేయమునకు, నటులకు బదులు ఒక ఎఱ్ఱని బిళ్లయు, వలయములును, పలకలును మెల్లగ కదలు దృశ్యమును కూర్చెను. 1968లో రోము నగరపు నాట్యశాలలో 'వర్క్ ఇన్ ప్రోగ్రెస్' అను పేర, ప్రధానపాత్రలన్నియు తన శిల్పములే యగు 19 నిమిషముల ప్రదర్శనము నిచ్చెను. 1974 అక్టోబరులో షికాగోలో 53 అడుగుల యెఱ్ఱని 'ఫ్లెమింగో' స్థిరశిల్పమును ఆవిష్కరించినప్పుడు ఆ నగరమువారు ఆయనకు సర్కసు ఊరేగింపు చేసిరి. ఎవరిని ఎట్లు గౌరవింపవలెనో తెలిసిన నగరము! మన దేశమునకును ఆయన వచ్చెను. 1955 ఆరంభమున గీరా సారాభాయి ఆహ్వానముపై అహమ్మదాబాదున వారి అతిథియై, అచ్చటనే కొన్ని చలశిల్పములు చేసెను.

యాత్ర చివఱ వాషింగ్టనుకు పోతిమి. జాతీయ కళామందిరపు తూర్పు భవనమున, అద్దపు కప్పునుండి దిగివచ్చిన వెలుగులో, ఆయన కడపటి మహాచలశిల్పములలో ఒకటి తిరుగుచున్నది. దాని పొడవు 76 అడుగులు. మొదటి రచన ప్రకారము ఉక్కుతో చేసియున్న గాలికి కదలనంత బరువయ్యెడిది. చిత్రకారుడు మతీస్ మనుమడు పాల్ మతీస్ అల్యూమినియమును తేనెపట్టు గదులవలె కూర్చి, బరువును 920 పౌనులకు దింపెను. మోటారేమియు లేదు. భవనములోని గాలియే దానిని నడపును. అది 1977 నవంబరున పైకెక్కునప్పటికి కాల్డర్ లేడు. న్యూయార్కున విట్నీ మందిరమున తన సమగ్ర ప్రదర్శనము జరుగుచుండగనే 1976 నవంబరు 11న మరణించెను.

ఆ మరణమునకు ముందటి దినమున ఆయన వాషింగ్టనుకే వచ్చి, సెనేట్ వారి హార్ట్ భవనమునకై తలపెట్టిన 'మౌంటెన్స్ అండ్ క్లౌడ్స్' నమూనాను సరిచూచి వెళ్లెను. నల్లని పర్వతములు నేలపై, నల్లని మేఘములు పైన: 1986లో దానిని నిలిపిరి. మేఘములను మోటారుతో త్రిప్పిరి; యంత్రము చెడి తిరుగుట మానినవి; తుదకు భద్రతకై 2016లో మేఘములనే దింపివైచిరి. ఇప్పుడచట పర్వతములు మాత్రమున్నవి. గాలికి అప్పగించినది నేటికిని ఆడుచున్నది, మోటారుకు అప్పగించినది ఆగిపోయినది. ఈ రెండు భవనములును ఒకే నగరమున నుండుట కాల్డరు కళను గూర్చి ఏ విమర్శకుడును వ్రాయలేని వ్యాఖ్యానము.

ఫిలడెల్ఫియా వీథిలో 2025 సెప్టెంబరున తెరచిన కాల్డర్ గార్డెన్స్ అను క్రొత్త మందిరమును చూచితిమని చెప్పుట మఱచితిని. హెర్ట్‌జోగ్, ద మూరోన్ అను స్విస్ వాస్తుశిల్పులు దానిని చాలవఱకు భూగర్భముననే కట్టిరి. పైన పియెట్ ఔడోల్ఫ్ వేసిన గడ్డిపూల తోట. లోపల శిల్పముల చెంత వివరణఫలకములు లేవు. చదువుటకేమియు లేకుండుటచే జనులు కూర్చుండి చూచుచున్నారు. ఇది నాకు మిక్కిలి నచ్చినది.

బిడ్డలను చూచుటకై అమెరికా పోవు తలిదండ్రులారా, న్యూయార్కు కెనడీ విమానాశ్రయపు నాలుగవ టెర్మినలులో మీరు సామాను తోసికొనుచు పోవు దారిలో 1957 నాటి ఆయన చలశిల్పము 45 అడుగుల పొడవున వ్రేలాడుచున్నది. ఒక్క పది నిమిషములు ఆగి చూడుడు. మనుమలను వెంటబెట్టుకొని ఫిలడెల్ఫియా వీథిలో నడవుడు. మన రాష్ట్రములలోని మ్యూజియముల అధికారులకును ఒక విన్నపము. తోలుబొమ్మలను అద్దపు పెట్టెలలో భద్రపఱచుచున్నారు, సంతోషము. కాని ప్రతి బొమ్మచెంతను ఆ బొమ్మ నాడించువాని ఆటను, పాటను, కాలి చప్పుడును సంపూర్ణముగ చిత్రీకరించి చూపుడు. నిమ్మలకుంట గ్రామమున ఆ విద్య నెఱిగిన కుటుంబములింకను ఉన్నవి. వారిలో ఒకరైన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. విట్నీవారికి విలార్దెబో తీసిపెట్టినట్టి చిత్రము మన ఆటగాండ్రకును ఉండవలెను. దానిని వారు ఆడుచుండగనే తీయవలెను.